కల్ కూలిన వంతెన

రాయపూర్‌లో స్థిరపడ్డ రైల్వే తెలుగువాళ్ల పిల్లలు తెలుగును హిందీ అక్షరాల్లో రాస్తారు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ. మాట ఒకచోట, రాత ఇంకోచోట పెరిగితే మరేమవుతుంది? "అమ్మా, వచ్చేప్పుడు కరివేపాకు తే" అన్న ముక్క కూడా ఫోనులో హిందీ లిపిలోనే వెళ్తుంది. కరివేపాకు మాత్రం సరిగ్గానే ఇంటికి వస్తుంది. ఇన్నేళ్లలో దీనివల్ల ఎవరి కొంపా మునగలేదు. మునిగింది ఒక్క జాషువా కొంపే, అదీ వాడికి తెలుగు చక్కగా చదవడం వచ్చినందుకు.

వాళ్ల నాన్న మోషే గుడివాడ నుంచి వచ్చి రైలు పెట్టెలు బాగుచేసే పనిలో చేరినవాడు. కొడుక్కి మాతృభాష రాకుండా పోతుందేమోనని బెంగ పెట్టుకుని, ఆదివారం పాటల పుస్తకం ముందేసుకుని ఒక్కో అక్షరం వేలితో చూపించి నేర్పాడు. అదొక్కటీ పూర్తిగా నేర్చాడు జాషువా. మిగతావన్నీ సగంలోనే ఆగాయి. డిగ్రీ రెండో ఏడాదిలో ఆగింది. చర్చిలో పెట్టిన గిటారు బృందం క్రిస్మస్‌కి పుట్టి ఈస్టర్‌కి చెదిరింది. దేవేంద్ర నగర్‌లో ట్యూషన్ సెంటర్ అని బోర్డు రాయించాడు, పిల్లలు చేరకముందే దించేశాడు. పెళ్లి సైతం నిశ్చితార్థం దాకా వచ్చి అక్కడే నిలిచిపోయింది. "ఆరంభశూరుడివిరా నువ్వు" అనేవాడు మోషే. అన్నం తినేటప్పుడు అన్నాడు, నలుగురిలో అన్నాడు, చివరికి ఆసుపత్రి మంచం మీద కూడా నవ్వుతూ అదే అన్నాడు. తండ్రి పోయాడు గానీ ఆ మాట పోలేదు. శంకర్ నగర్‌లో ఒక బీమా ఆఫీసులో గుమాస్తా పని చేసుకుంటూ, అద్దె వాటాలో ఒంటరిగా ఉంటూ, నలభైకి దగ్గరపడుతున్న జాషువా ఆ మాటను రోజూ మోస్తూనే ఉన్నాడు.

అలాంటివాడు ఒక్కదాన్ని మాత్రం ఆరేళ్లు పట్టుకుని వదల్లేదు. అది ఒక ఆట.

బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట. పేకముక్కలుండవు, గళ్లుండవు. ఒకడు కథ చెబుతాడు: ఇదిగో అడవి, ఇదిగో నది, అవతలి గట్టున ఎవరో నిలబడ్డారు, మీరేం చేస్తారు? తక్కినవాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుని, ఆ పాత్ర నోటితోనే జవాబు చెబుతారు. చేద్దామన్న పని జరిగిందో లేదో పాచికలు తేలుస్తాయి. ఆ కథ చెప్పేవాడికి ఇంగ్లీషులో ఏదో పెద్ద పేరుంది గానీ, రైల్వే పిల్లలు గనక వీళ్లు గార్డు అన్నారు. బండి నడిపేది ఆటగాళ్లు, వెనక పెట్టెలో కూర్చుని జెండా ఊపేవాడు గార్డు.

ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి వన్‌షాట్: ఒక పూట కూర్చుంటారు, ఆడతారు, కథ కంచికి, మనం ఇంటికి. రెండోది నెలల తరబడి, ఏళ్ల తరబడి సాగేది. జాషువా ఈ రెండోదాన్ని కూడా ఇంకా చిక్కు చేశాడు. ఒకే లోకం, అందులో మూడు బల్లలు. ఒకటి తన ఇంట్లో. రెండోది రైల్వే కాలనీలో, నర్సుగా చేసే సంధ్య ఇంట్లో. మూడోది శంకర్ నగర్‌లో, మొబైల్ షాపు నడిపే వివేక్ షాపు మీద గదిలో. లోకం పేరు ఏడేర్ల సీమ. ఉమ్మడి కుటుంబంలో ఒకరి చేతిలో పగిలిన కుండ అందరికీ పగిలినట్టే, ఒక బల్ల దగ్గర కాలిన ఊరు మూడు బల్లలకీ కాలినట్టే. ప్రతి ఆదివారం ఆట అయ్యాక గార్డులు జాషువాకి వార్త పంపాలి, జాషువా దాన్ని తక్కిన బల్లలకి చేరవేయాలి. మధ్యలో ఆట కబుర్లు ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోకూడదు, వార్తలో వెళ్లిందే నిజం. ఆ నియమం పెట్టింది జాషువాయే. తన మెడకు తాడు తనే పేనుకున్నాడన్నమాట, పాపం.

సంధ్య బల్ల దగ్గర సూర్యారావు ఆడేవాడు. పలాస వైపు మనిషి, గూడ్సు బండ్ల డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. మొదట్లో భార్య రమణమ్మ పోరు పడలేక వచ్చాడు. "ఇంట్లో కూకుని గోడలు సూడకపోతే అక్కడికెల్లి కూకోరాదా" అందావిడ. వచ్చి సింహాద్రి అనే పాత్ర తీసుకున్నాడు. మహాయేటి మీద వంతెన కాపలాదారు. ఆయన వయసుకి తగ్గ పనే. మాట తక్కువ, పాచికలు మాత్రం కిళ్లీ డబ్బాలో భద్రంగా పెట్టుకుని తెచ్చేవాడు.

సూర్యారావు నిద్రలో చెయ్యి లాగుతాడని కాలనీలో అందరికీ తెలుసు. ఎప్పుడో, బండి ఆరంగ్ స్టేషన్ దాటాక, పొగమంచులో, సైకిలు మీద ఒకతను పట్టాలు దాటుతూ ఎదురయ్యాడు. ముందు కడ్డీ మీద పిల్ల కూర్చుని ఉంది. సూర్యారావు కూత వేశాడు, బ్రేకు లాగాడు. బొగ్గుతో నిండిన గూడ్సు ఉన్నపళాన ఆగుతుందా? తప్పు ఆయనది కాదని అందరూ అన్నారు, కాగితం మీద కూడా అదే రాశారు. ఆయన చెయ్యి మాత్రం ఒప్పుకోలేదు. కళ్లు మూతపడితే చాలు, కుడిచెయ్యి దుప్పటి మీద బ్రేకు పిడిని వెతుక్కుంటుంది.

చలికాలం ముగిసే రోజుల్లో సంధ్య బల్ల దగ్గర పెద్ద ఘట్టం జరిగింది. పాత వంతెన మీద జనం దాటుతున్నారు, పిల్లాజెల్లాతో. వెనకనుంచి శత్రువుల ఇనుపబండ్లు ఉరుకుతూ వస్తున్నాయి. సింహాద్రి వంతెన మొదట్లో అడ్డంగా నిలబడ్డాడు. సూర్యారావు పాచికలు వేశాడు, పందెం పడింది. మళ్లీ వేశాడు, మళ్లీ పడింది. బండ్లు ఆగాయి. జనం దాటేశాక సింహాద్రి గొలుసు తెంచాడు, వంతెన కూలింది, వంతెనతో పాటే తనూ పోయాడు. "ఆపానే" అన్నాడు సూర్యారావు, సంధ్యని చూసి. "ఈసారి ఆపీసేనే." తరవాత పాచికలు డబ్బాలో పెట్టి, కొన్నాళ్లు ఆట మానేస్తానని చెప్పి ఇంటికి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఆయన చెయ్యి కదలకుండా నిద్రపోయింది.

సంధ్య మర్నాడు డ్యూటీకి పోతూ ఆటోలో కూర్చుని వార్త పంపింది, అలవాటు ప్రకారం హిందీ అక్షరాల్లో, ఇంటి మాటలో. నిన్న అనడానికి బదులు కల్ అంది, ఇక్కడ అందరూ అనేట్టే. హిందీలో నిన్నకీ రేపుకీ అదొక్కటే మాట. కల్ వంతెన కూలింది, సింహాద్రి పోయాడు. హిందీలో 'కల్' అని రాయడానికి క, ల అని రాస్తే చాలు, పొల్లు అక్కర్లేదు. చదివేవాడే పొల్లు కలిపి చదువుకుంటాడు. మన జాషువా తెలుగు చదువుకున్న మహానుభావుడు కదా, రాసింది రాసినట్టు చదివాడు. కల. సంధ్య బల్లలో కలలు కనే సోదెమ్మ పాత్ర ఒకటుంది, ఆమె కలలు ప్రతి నెలా వార్తల్లో వస్తూనే ఉంటాయి. ఓహో, సోదెమ్మకి మళ్లీ కల వచ్చింది కాబోలనుకుని, తక్కిన బల్లలకి అలాగే పంపేశాడు. ఏ బల్ల వార్త ఆ బల్లకి తిరిగి వెళ్లదు గనక సంధ్యకి తెలియలేదు. పొల్లుపోకుండా చెప్పడమంటే ఏమిటో ఆ రోజు ఎవరికీ తెలియలేదు.

వంతెన కూలలేదని నమ్మిన వివేక్ బల్ల ఏం చేసింది? మూడు నెలలు ఆ వంతెన మీదే కాపురం పెట్టింది. దుకాణాలు వేశారు, సంత కట్టారు. అమూల్య అనే కాలేజీ పిల్ల పాత్రకి ఆ వంతెన మీదే పెళ్లి చేశారు. ఆ వార్తల్లో వంతెన అనే తప్ప పేరు లేదు గనక సంధ్య అదింకేదో వంతెన అనుకుంది. ఏడు ఏర్లున్న సీమలో వంతెనలకేం కరువు?

వేసవిలో ముగింపు ఆట పెట్టాలని జాషువా నిశ్చయించాడు. మూడు బల్లలూ ఒకచోట, ఒకే రోజు. ఈ ఒక్కటి చివరిదాకా చేస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదని తనలో తను అనుకునేవాడు. రోడ్డు మీద నడుస్తూ పెదాలు కదిలించేవాడు. తండ్రితోనే మాట్లాడేవాడేమో మరి.

ఏర్పాట్లు మాట్లాడుకోవడానికి అందర్నీ తన ఇంటికి పిలిచాడు. సూర్యారావు కూడా వచ్చాడు, ఉతికిన చొక్కా వేసుకుని. వివేక్ ఉత్సాహంగా మొదలుపెట్టాడు. "అన్నా, ఆఖరి యుద్ధం మా సంతలోనే పెడదాం. మహాయేటి వంతెన మీద. జబర్దస్త్ ఉంటది."

"మహాయేటి వంతెనా?" అంది సంధ్య. "అదెక్కడుంది? కూలిపోయింది కదా."

"కూలిపోవడమేంటి? మొన్న ఆదివారం కూడా మేం దాని మీదే ఉన్నాం."

ఫోన్లు బయటికొచ్చాయి. జాషువా తనకొచ్చిన వార్త తెరిచి చూపించాడు. "ఇదిగో, కల అని నువ్వే రాశావు."

సంధ్య చదివింది. ముఖం మాడిపోయింది. "కల కాదన్నా. కల్. కల్ అంటే నిన్న. ఇంత చిన్న మాట చదవడం రాదా నీకు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. అమూల్య అడిగేసింది: "అయితే మా మూడు నెలల ఆటంతా ఉత్తదేనా? నా పెళ్లి ఎక్కడ జరిగినట్టు? నీళ్లలోనా?"

గది వేడెక్కిపోయింది. వంతెన కూలిందంటే వివేక్ బల్ల ఆట మొత్తం కొట్టుకుపోతుంది. కూలలేదంటే సింహాద్రి చావలేదు. మధ్యేమార్గం వెతకని వాళ్లు లేరు. సగం కూలిందందాం అన్నారొకరు, మళ్లీ కట్టారందాం అన్నారొకరు. ఆ వంతెన కట్టడానికి రాజులకే నలభై ఏళ్లు పట్టిందని ఈ జాషువాయే ఎప్పుడో వార్తలో పంపి ఉన్నాడు. ఎటు తిరిగినా తన మాటే అడ్డం.

వివేక్ జాషువాని వంటింట్లోకి తీసుకెళ్లాడు. "అన్నా, సాఫ్ చెబుతున్నా. మనం ముగింపు పెట్టుకున్న ఆదివారమే మాల్‌లో గేమ్స్ మేళా ఉంది. బయటినుంచి కంపెనీవాళ్లు వస్తున్నారు, వన్‌షాట్లు నడపమని నన్ను పిలిచారు. నీ కోసం కాదన్నాను. వంతెన పోయిందంటే మావాళ్లని నేను ఆపలేను. నువ్వే తేల్చు."

జాషువా లెక్క వేసుకున్నాడు. వివేక్ బల్ల పోతే తన బల్ల కూడా పోతుంది, సగం మంది వాళ్ల స్నేహితులే. ముగింపు ఉండదు. ఆరేళ్లు మట్టిపాలు. ఆరంభశూరుడు. గదిలోకి వచ్చి నిలబడ్డాడు. సూర్యారావు వైపు చూడకుండా, గోడకి చెబుతున్నట్టు చెప్పాడు. "నియమం ప్రకారం వార్తలో వెళ్లిందే నిజం. వార్తలో కల అని వెళ్లింది. కాబట్టి అది కలే. వంతెన ఉంది."

వివేక్ బల్లవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. సూర్యారావు చేతిలోని కిళ్లీ డబ్బా బల్ల మీద పెట్టాడు.

"అయితే సింహాద్రి బతికున్నాడేట్రా?"

"ఉన్నాడు బాబాయ్. మంచిదేగా? ముగింపులో నువ్వూ ఆడొచ్చు. కావాలంటే ఆ ఘట్టమే మళ్లీ పెడతాను. మళ్లీ ఆపుదువుగాని."

"ఒకపాలి సచ్చినోణ్ణి మళ్లీ సావమంటావేట్రా?" అన్నాడు సూర్యారావు. కోపంగా అనలేదు, నిజంగానే అడిగాడు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. కిళ్లీ డబ్బా బల్ల మీదే ఉండిపోయింది.

సంధ్య ఆ డబ్బా తీసి జాషువా చేతిలో పెట్టింది. "చచ్చినవాణ్ణి లేపే ముందు ప్రభువు కూడా ఏడ్చాడన్నా. నీకు అదీ రాలేదు" అంది. తనూ వెళ్లిపోయింది, మరి రాలేదు.

ముగింపు ఆదివారం వచ్చింది. జాషువా ఫ్యాను తుడిచాడు, అరువు తెచ్చిన కుర్చీలు వేశాడు, సమోసాలు తెప్పించాడు. ఎవరూ రాలేదు. ఒక్కొక్కరికీ ఫోను చేశాడు. ఒకడు ఎత్తలేదు. ఒకడు ఎత్తి వస్తున్నా అన్నాడు, వెనక నుంచి మైకు గోల వినిపించింది. జాషువాకి అర్థమై, కుర్చీలు అలాగే వదిలేసి మాల్‌కి పరిగెత్తాడు. బతిమాలదామని వెళ్లాడు. కాళ్లు పట్టుకోవడానికైనా సిద్ధపడే వెళ్లాడు, దాచడమెందుకు?

రెండో అంతస్తులో బల్లలు వరసగా వేసి ఉన్నాయి. ఒకదాని వెనక వివేక్ కొత్త టీషర్టులో నిలబడి కథ చెబుతున్నాడు. చుట్టూ తన ఏడేర్ల సీమ జనమే, కొత్తవాళ్లతో కలిసి. జాషువాని చూసి కాస్త ఇబ్బందిపడ్డారు, వెంటనే కుర్చీ జరిపారు. "రా అన్నా, ఒక పాత్ర ఖాళీ ఉంది." వద్దనలేక కూర్చున్నాడు. ఆడాడు. అబద్ధమెందుకు, బాగుంది. వివేక్ బాగా చెప్పాడు. జాషువా పాత్ర గుహలో రాయి మీదపడి చచ్చిపోతే అందరూ పడీ పడీ నవ్వి చప్పట్లు కొట్టారు. జాషువా కూడా నవ్వాడు. ఆ పాత్ర పేరేమిటో వాడికి అప్పటికే గుర్తులేదు. ఆట అయిపోయింది, వెనక నిలబడ్డవాళ్లు కూర్చోవడానికి తొందరపెట్టారు.

"ముగింపు వచ్చేవారం పెడదామా?" అన్నాడు మెట్ల దగ్గర వివేక్ చెయ్యి పట్టుకుని. "వంతెన ఉంచాను కదా. మీకోసమే ఉంచాను కదా."

వివేక్ చెయ్యి విడిపించుకోలేదు. "ఆ రోజు నుంచే మావాళ్లకి మనసు విరిగిందన్నా. ఆ ముసలాయన వెళ్లిపోతుంటే చూశాంగా. సంత పెట్టినప్పుడల్లా ఆయనే గుర్తొస్తున్నాడు. ఇక్కడైతే చచ్చినవాడు చచ్చినట్టే, ఎవరికీ బాధ లేదు. ఏమీ అనుకోకు, బురా మత్ మాన్‌నా."

జాషువాకి అప్పుడు తెలిసింది తను దేన్ని దేనికి అమ్ముకున్నాడో. ఏడుపు వచ్చింది, మాల్‌లో ఏడవడానికి చోటు లేదు. అక్కడి నుంచి తిన్నగా రైల్వే కాలనీకి వెళ్లాడు, కిళ్లీ డబ్బా జేబులో పెట్టుకుని.

రమణమ్మ తలుపు తీసింది. "నువ్వేటి బాబూ" అంది. లోపలికి రమ్మనడానికి క్షణం తటపటాయించింది. గొంతు తగ్గించి, "మళ్లీ సెయ్యి లాగుతున్నారు. మూడు నెల్లు సుబ్బరంగా నిద్రోయిన మనిషి. ఏటి సేసేర్రా అక్కడ మీరు?" అంది. జాషువా తల దించుకుని లోపలికి నడిచాడు.

సూర్యారావు వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. చిక్కిపోయాడు, కళ్ల కింద నల్లబడింది. జాషువా డబ్బా ఆయన ఒళ్లో పెట్టి, కింద నేలమీద కూర్చున్నాడు.

"బాబాయ్, వంతెన కూలింది. కల్ కూలింది."

"ఏ కల్?" అన్నాడు ఆయన. "నిన్నా? రేపా? నీ తెలుగు కలా?"

"నిన్నే బాబాయ్. నిజంగా కూలింది. పొల్లు పెట్టి చెబుతున్నాను. సింహాద్రి బండ్లు ఆపాడు, జనం దాటారు. నేనే తప్పు చెప్పాను. నన్ను తిట్టు, కొట్టు."

సూర్యారావు డబ్బా మూత తీశాడు, పాచికలు చూశాడు, మూత పెట్టాడు.

"మరి ఆళ్లు? సంతోళ్లు, పెల్లిపిల్ల? ఒప్పుకున్నారేటి?"

"వాళ్లు లేరు బాబాయ్. అందరూ వెళ్లిపోయారు. సంధ్య రాదు. ఇక ఎవరూ లేరు."

ముసలాయన చాలాసేపు వాడి ముఖంలోకి చూశాడు. "ఓహో" అన్నాడు. "జనం లేరు గనక కూలిందన్నమాట."

జాషువా నోరు తెరిచాడు. కాదని చెప్పాలి. ఎవరున్నా లేకపోయినా కూలిందని చెప్పాలి. కానీ నలుగురూ నమ్మితేనే అక్కడ ఏదైనా నిజమని ఆరేళ్లుగా అందరికీ నేర్పింది తనే. నలుగురూ పోయాక ఇచ్చే నిజాన్ని ఏం చేసుకుంటాడు ఆయన? ఖాళీ అయిన ఊళ్లో ఎవణ్ణో పట్టుకుని, ఈ ఊరంతా నీదే అన్నట్టుంది.

రమణమ్మ టీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. జాషువా తాగలేదు. సూర్యారావు సగం తాగి, గ్లాసు పక్కన పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడు. నిద్రలేని కళ్లు వాటంతట అవే మూతపడ్డాయి. రైల్వే లైను మీద ఏదో బండి కూత పెట్టింది. కుర్చీ చేతి మీద ఉన్న ఆయన వేళ్లు బిగుసుకున్నాయి, దేన్నో పట్టుకుని తనవైపు లాగాయి, వదిలి మళ్లీ లాగాయి.

జాషువా మోకాళ్ల మీద దగ్గరికి జరిగాడు. "ఆగింది బాబాయ్" అన్నాడు చెవి దగ్గర. "బండి ఆగింది. పిల్ల దాటేసింది. ఆపావు నువ్వు, ఆగింది." ఏడుస్తూ అదే మాట పదేపదే చెప్పాడు, గార్డు జెండా ఊపినట్టు ఓపిగ్గా.

చెయ్యి మాత్రం ఆగలేదు.